రంగు కింద సింహం

నిరుడు వేసవిలో ఇంగ్లండులో మా అబ్బాయి ఇంట మూడు నెలలు గడిపాము. అక్కడ ఆదివారం ఉదయాన ఊరి చివర పచ్చిక మైదానంలో జనం కార్లు బారులుగా నిలిపి, డిక్కీలు తెరిచి, ఇంట్లో అక్కరలేని పాత సామాను అమ్ముకుంటారు. హైదరాబాదులో ఆబిడ్సు కాలిబాటల మీద ఆదివారం నాడు పాత పుస్తకాలు తిరగవేసిన అలవాటు నాకు ముప్పై ఏళ్ళది. కనుక ఆ సంత నాకు పరాయిదిగా తోచలేదు. నేనొక పుస్తకాల పెట్టె ముందు వంగి ఉండగా, తొమ్మిదేళ్ళ మా మనుమడు పక్క బల్ల దగ్గరినుండి "తాతయ్యా, ఇటు రా!" అని కేక వేశాడు.

బల్ల మీద జానెడైనా లేని ఒక రైలింజను ఉంది. ఒంటినిండా ఆకుపచ్చ రంగు. రెండు పక్కలా తెల్లని ఇంగ్లీషు అక్షరాలు మూడు: జి, డబ్ల్యు, ఆర్. అట్టపెట్టె లేదు, కాగితం లేదు. దారంతో కట్టిన చీటీ మీద మాత్రం 'హార్న్‌బీ, గ్రేట్ వెస్టర్న్ రైల్వే, 1938' అని రాసి ఉంది. కొన్న ఇంట్లో అటక మీద దొరికిందని అమ్మే ఆమె చెప్పింది. ముప్పై పౌండ్లు. మనుమడి ముఖం చూసి బేరం ఆడకుండా ఇచ్చాను. చేతిలోకి తీసుకుంటే ఊహించినదానికంటె బరువుగా ఉంది. ప్లాస్టిక్ కాదు, పోతపోసిన లోహం.

ఇంటికి రాగానే వాడు తన పట్టాల మీద దానిని పరుగెత్తించబోయాడు. మా అబ్బాయి ఆపాడు. వాడు వృత్తిరీత్యా ఎలక్ట్రికల్ ఇంజనీరు. "నాన్నగారూ, ముందు చక్రాలు చూడనివ్వండి" అని మీటరు తెచ్చి, దాని రెండు మొనలను ఎదురెదురుగా ఉన్న రెండు చక్రాలకు ఆనించాడు. మీటరు కీచుమన్నది. కుడిచక్రానికీ ఎడమచక్రానికీ నడుమ విద్యుత్తుకు అడ్డేమీ లేదన్నమాట. ఇప్పటి బొమ్మ రైళ్ళలో ఒక పట్టా ధనధ్రువం, రెండవది ఋణధ్రువం. ఈ ఇంజనును వాటి మీద పెడితే ఆ రెండింటినీ ఇదే కలిపివేసి షార్టు సర్క్యూట్ చేస్తుంది. బోర్లించి చూస్తే కడుపు కింద నడిమధ్యన ఒక లోహపు నాలుక కనిపించింది. దానికి కావలసినవి మూడు పట్టాలు. బయటి రెండు పట్టాలూ ఒక ధ్రువం, మధ్యపట్టా రెండవ ధ్రువం. ఆ నాలుక మధ్యపట్టాను రాసుకుంటూ పోతూ కరెంటు అందుకుంటుంది.

దీనితో చీటీలోని మొదటి మాట కొంత బలపడింది. మెకానో అనే ఆటవస్తువును కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ 1936లో మరణించాడు. ఆయన స్థాపించిన మెకానో కంపెనీ 1938లో లివర్‌పూల్ నుండి 'హార్న్‌బీ డబ్లో' అనే చిన్న రైళ్ళను విడుదల చేసింది. 'డబుల్ ఓ' అన్న కొలత పేరునే పలుకుబడి మార్చి 'డబ్లో' అన్నారు. పోతలోహపు ఒడలు, మూడు పట్టాలు, 12 వోల్టుల డైరెక్ట్ కరెంటు వాటి లక్షణాలు. అదే కంపెనీ రెండు పట్టాల పద్ధతికి మారినది 1959లో. వారికి పోటీగా 1952లో వచ్చిన ట్రయాంగ్ వారి ఇంజనులు మొదటినుండీ ప్లాస్టిక్ ఒడలివి, రెండు పట్టాలవి. కనుక బరువూ, నాలుకా కలిసి ఇది హార్న్‌బీ డబ్లోదే అని చెప్పాయి.

స్కేలు పెట్టి కొలిస్తే చక్రాలు నడిచే పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు వచ్చింది. బ్రిటిషు 'డబుల్ ఓ' కొలతలో అసలు ఇంజనులోని ఒక్కొక్క అడుగుకు బొమ్మలో 4 మిల్లీమీటర్లు. ఆ లెక్కన వారి అసలు పట్టాల వెడల్పు, నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు, సుమారు 18.8 మిల్లీమీటర్లు కావాలి. ఒడలు ఒక కొలత, పట్టాలు మరొక కొలత! బ్రిటిషు ఇంజనులు ఐరోపా ఇంజనులకంటె సన్నవి. అంతకంటె చిన్నగా చేస్తే ఆనాటి మోటారు లోపల ఇమడదు. అందుచేత ఐరోపావారి సన్న పట్టాలనే ఉంచుకుని ఒడలు మాత్రం కాస్త పెద్దవి చేశారు. మన అయిదున్నర అడుగుల బ్రాడ్‌గేజికి ఇదే లెక్కలో సరిగ్గా 22 మిల్లీమీటర్లు వస్తాయని చెబితే మా మనుమడు స్కేలు మీద ఆ రెండు గీతలూ చూసి, "మన రైలు ఇంత లావా తాతయ్యా!" అని సంబరపడ్డాడు.

చేసినవారెవరో తేలింది. ఇక చేసినది ఏ ఇంజను రూపాన్ని? అది తేల్చే పని నాదన్నాను. ఎవరిదో తెలియని పద్యం చేతికిస్తే మేము ముందు గణవిభజన చేస్తాము. రైలింజనుకూ అటువంటి విభజన ఒకటి ఉన్నది. దాదాపు 1900 ప్రాంతంలో ఫ్రెడరిక్ మెథ్వాన్ వైట్ అనే అమెరికను ఇంజనీరు ఏర్పరచినది. ముందున్న చిన్న చక్రాలెన్ని, కడ్డీతో జతపడి లాగే పెద్ద చక్రాలెన్ని, వెనుకనున్న చిన్న చక్రాలెన్ని అని మూడు అంకెలు. మనం చిన్ననాట ఎక్కిన బండ్లను లాగిన డబ్ల్యు.పి. తరగతి ఇంజను 4-6-2. గూడ్సు బండ్ల డబ్ల్యు.జి. 2-8-2. ఈ బొమ్మకు ముందు ఏమీ లేవు, నడుమ ఆరు, వెనుక రెండు: 0-6-2. నీళ్ళు మోయడానికి వేరే పెట్టె లేకుండా బాయిలరుకు ఇరుపక్కలా తొట్లు ఉన్నాయి కనుక ట్యాంకు ఇంజను.

గ్రేట్ వెస్టర్న్‌వారికి సరిగ్గా అటువంటి ఇంజనులు ఉండేవి. దక్షిణ వేల్సు బొగ్గు లోయలలో పని చేయడానికి 1924 నుండి 1928 వరకు 200 కట్టించారు. వాటిది 5600 తరగతి. గణాలు సరిపోయాయి, రంగు సరిపోయింది, అక్షరాలు సరిపోయాయి. నేను మా మనుమడిచేత ఒక అట్టముక్క మీద 'గ్రేట్ వెస్టర్న్, 5600 తరగతి, 1938' అని రాయించి కిటికీ దగ్గర ఇంజను పక్కన నిలబెట్టించాను.

వాడు ఆ సాయంత్రమే అసలు ఇంజను ఫొటో ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. "తాతయ్యా, దీని వీపు మీద ఇత్తడి గంటలాంటిది ఉంది. మనదానికి లేదు. పొగగొట్టం కూడా మనది పొట్టిది" అన్నాడు. నేను చూశాను. వాడన్నది నిజమే. అయినా, "ఇది బొమ్మ కదరా, చేసేవాళ్ళు అన్నీ చేయరు" అన్నాను. వాడు మరి మాట్లాడలేదు. ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి వారం ఆ ఊరి నమూనా రైళ్ళ క్లబ్బుకు వెళ్ళాము. అక్కడ ఎనభై ఏళ్ళ పెద్దమనిషి ఒకరు ఇంజనును చేతిలోకి తీసుకుని, అక్షరాల వంక చూడకుండానే బోర్లించారు. ముందు వెనుకల కొక్కేలు చూసి, ఇవి యుద్ధం తర్వాత వచ్చిన పెకో పద్ధతివి, యుద్ధానికి ముందు పలుచని స్ప్రింగు రేకు కొక్కేలు ఉండేవి అన్నారు. కొక్కేలు మార్చి ఉండవచ్చు గదా అని నేను అడిగాను. మార్చి ఉండవచ్చు, ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పకూడదు అని ఆయన ఒప్పుకున్నారు.

తరువాత ఆయన చెప్పిన మాటతో నా గణవిభజన కూలిపోయింది. 0-6-2 ట్యాంకు ఇంజనులు గ్రేట్ వెస్టర్న్‌వారికి మాత్రమే కాదు, లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషను నుండి శివారు బండ్లను లాగిన ఎన్2 తరగతి కూడా అదే. నైజెల్ గ్రెస్లీ రూపకల్పన, 1920లో మొదలు, మొత్తం 107. లండన్ భూగర్భ మార్గాలలో దూరవలసినవి గనుక వాటి పొగగొట్టాలు పొట్టివి. మెకానో కంపెనీ తన బొమ్మకు ఈ ఎన్2నే నమూనాగా తీసుకుని, దాదాపు అదే అచ్చులో పోసి, నాలుగు రైల్వే కంపెనీల రంగులు వేసి అమ్మింది. వాటిలో గ్రేట్ వెస్టర్న్ రంగుది కూడా ఉన్నది, దాని నంబరు 6699. అంటే ఇత్తడి తొడుగు లేదన్న మా మనుమడి అనుమానం నిజమైన ఆధారం. పొగగొట్టం గురించి వాడన్నదీ నిజమే. ఇది ఎన్2 ఒడలు.

అయితే ఇది కంపెనీవారే గ్రేట్ వెస్టర్న్ రంగు వేసి అమ్మినదా, కాదా? ఇక్కడ మాత్రం నా చదువు కొంత అక్కరకు వచ్చింది. ప్రాచ్య కళాశాలలో చదివే రోజులలో మా గురువుగారు తాళపత్రాలు చదివించేవారు. గంటంతో గీసిన అక్షరంలో మసి రాలిపోయి ఉంటే, ఆకును దీపానికి ఎదురుగా పట్టకూడదు, పక్కకు వాల్చి పట్టాలి. గీత నీడ పడి అక్షరం లేస్తుంది. ఆయనను టార్చి అడిగి, గది దీపం ఆర్పించి, ఇంజను పక్కభాగానికి దాదాపు ఆనించినట్లుగా వెలుగు వేశాను. ఆకుపచ్చ రంగు కింద ఒక సన్నని అంచు నీడ కట్టింది. ముందు చక్రం. దాని మీద కాళ్ళు. ఆ పైన జూలు. "సింహం!" అని మా మనుమడు అరిచాడు. వెనుక బొగ్గుతొట్టి పక్కన అదేవిధంగా అయిదు అంకెలు: 69567. పెచ్చు లేచిన ఒక మూల పచ్చరంగు కింద నల్లరంగు స్పష్టంగా కనిపించింది.

చక్రం మీద నిలబడిన సింహం బ్రిటిష్ రైల్వేస్ ముద్ర. 1948 జనవరి 1న కంపెనీలన్నీ ప్రభుత్వపరం అయినపుడు గ్రేట్ వెస్టర్న్ అనే కంపెనీయే లేకుండా పోయింది. లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ కంపెనీ ఇంజనుల పాత నంబర్లకు 60000 కలిపారు. 9567 కాస్తా 69567 అయింది. గ్రేట్ వెస్టర్న్ ఇంజనులవి పోతపోసిన లోహపు నంబరు పలకలు కనుక ఆ నంబర్లను మార్చనే లేదు. హార్న్‌బీ డబ్లో ఇంజనులు బ్రిటిష్ రైల్వేస్ రంగులలో రావడం 1953లో మొదలైంది. ఈ రకం సింహాన్ని అసలు రైళ్ళ మీద 1956లో మరొక రకం ముద్రకు మార్చారు. ఇవన్నీ ఒకచోట చేరిస్తే చీటీలో 'హార్న్‌బీ' అన్న మాట ఒక్కటే మిగిలింది. ఇది 1938 నాటిది కాదు, గ్రేట్ వెస్టర్న్‌ది కాదు. 1950లలో నల్లగా పుట్టిన కింగ్స్ క్రాస్ ఇంజను. దానికి ఎవరో ఇంట్లో కూర్చుని పచ్చరంగు పూసి మూడు అక్షరాలు రాశారు.

క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అని పండితులు వాదించుకున్న తీరును తరగతులలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఛందస్సు ఒక్కటీ కవిని చెప్పదు, పైన ఉన్న పేరు ఒక్కటీ చెప్పదు, మనం ముందే అనుకున్నదానికి అడ్డువచ్చే ఆధారాన్ని ముందుగా చూడాలి అని పిల్లలకు చెప్పినవాణ్ణే. అడ్డువచ్చే ఆధారాన్ని తొమ్మిదేళ్ళవాడు ఫొటోతో సహా తెచ్చి ముందు పెడితే, బొమ్మ కదరా అని పంపించివేసినవాణ్ణీ నేనే.

తిరుగు దారిలో కారు వెనుక సీటులో వాడు ఇంజను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు మరొక పిల్లవాడు గుర్తుకు వచ్చాడు.

అది 1984. నేను పదవ తరగతికి తెలుగు చెబుతున్నాను. వెనుక బెంచీలో ఒక కుర్రవాడు ఉండేవాడు. అతనికి ల, ళ తేడా తెలియదు. ఒత్తులు ఎగిరిపోయేవి. డిక్టేషను ఇస్తే పుట కింద నేను పెట్టే ఎర్రగీతలే ఎక్కువగా కనిపించేవి. ఒకనాడు అతడు నోటుపుస్తకంలో ఊరి చెరువు మీద ఒక తేటగీతి రాసుకుని వచ్చాడు. అక్షరదోషాలు యథాప్రకారం ఉన్నాయి. కాని గణాలు సరిగ్గా పడ్డాయి, యతి ఎక్కడా తప్పలేదు, చివరి పాదం నిజంగా బాగుంది. నేను తరగతి ఎదుట నిలబెట్టి, "ఇది ఎక్కడినుండి ఎత్తావు?" అని అడిగాను. "నేనే కట్టాను మాస్టారూ" అన్నాడు. "ఒత్తు పెట్టడం రానివాడు పద్యం కడతాడట" అన్నాను. పిల్లలు నవ్వారు. అతడు పుస్తకం తీసుకుని కూర్చున్నాడు. ఆ సంవత్సరం మరి ఒక్క పద్యం కూడా నాకు చూపించలేదు.

నేను ఆ పద్యం కోసం వెతకకపోలేదు. నాకు తెలిసిన శతకాలు, చాటుపద్యాల సంపుటాలు, పాత పాఠ్యపుస్తకాలు తిరగవేశాను. ఎక్కడా దొరకలేదు. దొరకలేదన్న మాట అతనికి చెప్పలేదు. వేసవి తర్వాత నాకు బదిలీ అయింది.

అతడు 'రాశాను' అనలేదు, 'కట్టాను' అన్నాడు. చదువుకుని పద్యం నేర్చినవాడు ఆ మాట వాడడు. ఊళ్ళో పద్యనాటకాల రిహార్సళ్ళ దగ్గర కూర్చుని చెవితో నేర్చినవాడు వాడతాడు. చెవికి గణం తెలుస్తుంది, యతి తెలుస్తుంది. ల, ళ ల రాత తెలియదు. రంగు పెచ్చు లేచిన చోటు ఆ ఒక్క మాటలోనే ఉన్నది. నేను ఎర్రగీతల వంకే చూశాను. ఈ సంగతి నాకు స్ఫురించేసరికి అతడు ఎక్కడున్నాడో నాకు తెలియదు.

ఇంజను కథ కొంచెం మిగిలింది. పచ్చరంగు తీసివేయించి లోపలి నల్లరంగును బయటపెట్టించుకోవచ్చా అని మా అబ్బాయి క్లబ్బు పెద్దాయనను అడిగాడు. పై రంగును కరిగించే మందు కింది సింహాన్నీ అంకెలనూ కూడా కరిగిస్తుందని ఆయన చెప్పారు. సంగతి విని మా మనుమడు వద్దన్నాడు. "ఆ పచ్చరంగు వేసినవాళ్ళకు గ్రేట్ వెస్టర్న్ ఇష్టం కాబోలు" అన్నాడు. నాకూ అది న్యాయంగా తోచింది. మూలప్రతిలో తరువాతివారు చేర్చిన పద్యాన్ని పండితులు ప్రక్షిప్తమని గుర్తు పెడతారు గాని, తాటాకు చింపి పారవేయరు.

అరవై ఏళ్ళకు పైబడి లోపలి అయస్కాంతం బలం తగ్గింది. క్లబ్బులోని యంత్రంతో పెద్దాయన దానికి మళ్ళీ అయస్కాంత శక్తి ఎక్కించారు. నూనె వేశారు. తన దగ్గర మిగిలిన మూడు పట్టాల ముక్కలు కొన్నింటిని వలయంగా అమర్చి ఇచ్చారు. ఇంజను మొదట మూలిగింది. తరువాత కదిలింది. కాలిన నూనె వాసనతో, చిన్న చిన్న మెరుపులతో బల్లంతా తిరిగింది. మా మనుమడు గడ్డం బల్లకు ఆనించి, కళ్ళు పట్టాల మట్టానికి తెచ్చి చూశాడు. నేనూ ఒకసారి అలాగే చూశాను.

మేము బయలుదేరే ముందు రోజు వాడు కిటికీ దగ్గరి అట్టను సవరించాడు. నేను రాయించిన పంక్తిని చెరిపివేయలేదు. దాని మీద ఒక గీత గీసి, చదవడానికి వీలుగా అలాగే ఉంచి, కింద రాశాడు: 'హార్న్‌బీ డబ్లో, ఎన్2, 69567. 1953 తరువాత. రంగు వేసినవారు తెలియదు.' ఆ పైన గీత ఎందుకురా, కొత్త అట్ట తీసుకోరాదా అని అడిగాను. "మొదట ఏమనుకున్నామో కూడా ఉండాలి కదా తాతయ్యా" అన్నాడు.

మా కాలంలో పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక వేసేవారు. ఫలానా పుట, ఫలానా పంక్తి, తప్పు, ఒప్పు. నలభై ఏళ్ళు ఆలస్యంగా నేనూ ఒక పద్దు చేర్చుకుంటున్నాను. 1984, పదవ తరగతి, వెనుక బెంచీ. తప్పు: 'ఎక్కడినుండి ఎత్తావు?' ఒప్పు: ఆ తేటగీతి నీదే నాయనా. చివరి పాదం నాకు ఇప్పటికీ కంఠస్థం. ఇక్కడ ఉదాహరించే హక్కు మాత్రం నాకు లేదు.